ఉద్ఘాటన: ఒక మాట పుట్టుక, దాని చుట్టాలు, దాని బాధ్యత

ఒక విషయాన్ని గట్టిగా, సందేహానికి తావు లేకుండా, నలుగురూ వినేలా చెప్పడాన్ని కాస్త గంభీరమైన తెలుగులో ‘ఉద్ఘాటన’ అంటాం. ఇళ్లలో మాట్లాడుకునేటప్పుడు ఈ మాట వినిపించదు. దాని చోటు దినపత్రిక, సభావేదిక, తీర్మాన పత్రం, రెండు దేశాల సంయుక్త ప్రకటన. రోజూ కళ్ల ముందు కదిలే పదమే అయినా దాని పుట్టుక వెతికితే మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. సంస్కృతంలో ‘తెరవడం’ అనే అర్థమున్న పదం తెలుగులో ‘గట్టిగా చెప్పడం’ ఎలా అయింది? పొరుగు భాషలు చాలావరకు దీన్ని ప్రారంభోత్సవానికి వాడుతుంటే తెలుగు వేరే దారి ఎందుకు పట్టింది? మాటకు బలమిచ్చే పదాలు మనకు ఇన్ని ఉండగా ఏది ఎక్కడ తగును?

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఉద్ఘాటన అనే పదం లోపలే ఒక షరతు ఉంది. గొంతు పెంచినంత మాత్రాన అది తీరదు, విషయాన్ని తెరిచి చూపాలి. ఆ షరతును మరిచిపోయి వాడిన ప్రతిసారీ పదం బరువు తగ్గుతోంది. దాన్ని నిలబెట్టుకోవలసిన అవసరం మనకు ఉందన్నది ఈ వ్యాసం వాదన.

ధాతువు చెప్పే కథ

‘ఉత్’ అనే ఉపసర్గ, ‘ఘట్’ అనే ధాతువు కలిసి ఉద్ఘాటనం అయింది. ఘట్ అంటే కూడటం, కుదరడం, జరగడం. జరిగినది ఘటన. నలుగురూ కూడితే సంఘటితం. కూడినది విడిపోతే విఘటన. కుదరని పనిని కుదిర్చేవాడు అఘటితఘటనా సమర్థుడు. ఉత్ అంటే పైకి, బయటికి. రెండు రెక్కలుగా కలిసి మూసుకున్న తలుపును విడదీయడం, బిగించి ఉన్నదాన్ని పైకి లేపడం ఉద్ఘాటనం. సంస్కృత నిఘంటువుల్లో ఉద్ఘాటకానికి తాళంచెవి అనే అర్థం కూడా ఉంది.

అమరకోశం ఇంకో అర్థం చూపిస్తుంది. రెండో కాండంలోని శూద్రవర్గంలో, పనిముట్ల పేర్ల మధ్య, ఉద్ఘాటనం అనే పదం ఘటీయంత్రానికి పర్యాయంగా కనిపిస్తుంది. ఘటీయంత్రం అంటే బావిలోంచి నీరు తోడే సాధనం. లోపల కంటికి కనిపించకుండా ఉన్న నీటిని పైకి, వెలుగులోకి తెచ్చేది కాబట్టి దానికి ఆ పేరు సరిపోయింది. తలుపు తీసినా, నీరు తోడినా జరిగేది ఒకటే. మూసి ఉన్నది, అడుగున ఉన్నది అందరికీ అందుబాటులోకి వస్తుంది.

తెరవడానికీ చెప్పడానికీ చుట్టరికం పాళీలోనే కుదిరింది. పాళీలో ‘ఉగ్ఘాటేతి’ అంటే తెరుస్తాడు అని అర్థం. బౌద్ధుల అభిధమ్మ గ్రంథాల్లో ఒకటైన పుగ్గలపఞ్ఞత్తి, మనుషుల్ని వారి గ్రహణశక్తిని బట్టి నాలుగు తరగతులుగా చెబుతూ మొదటివాణ్ని ‘ఉగ్ఘటితఞ్ఞూ’ అంటుంది. విషయాన్ని క్లుప్తంగా ఎత్తగానే పట్టుకోగలిగినవాడని దాని భావం. చెప్పేవాడు ఒక మాట తెరిస్తే చాలు, వినేవాడికి లోపలిదంతా కనిపిస్తుంది.

ఇక్కడే ఒక పొరపాటు అవగాహనను తొలగించుకోవాలి. పుస్తకం మొదట రాసే ఉపోద్ఘాతానికీ ఉద్ఘాటనకూ పోలిక ఉన్నట్టు కనిపించినా ధాతువులు వేరు. ఉపోద్ఘాతంలో ఉన్నది ‘త’. అది కొట్టడం అనే అర్థమున్న ‘హన్’ ధాతువు నుంచి వచ్చింది. సంస్కృత నాటకాల్లో సూత్రధారుడి మాటను అందుకుని పాత్ర ప్రవేశించే ప్రస్తావనను కథోద్ఘాతం అంటారు. అదీ ఈ కోవలోదే. ఉద్ఘాటనలో ఉన్నది ‘ట’. ఒకటి మొదలు పెట్టడం, రెండోది తెరవడం.

పొరుగు భాషల్లో

హిందీలో ‘ఉద్ఘాటన్’ అంటే ప్రారంభోత్సవం. వంతెనకు, ఆసుపత్రికి, సభకు చేసేది. మరాఠీలో, నేపాలీలో, కన్నడంలో, మలయాళంలో అదే అర్థం. మన ప్రాంతంలోని కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో మూడు భాషల శిలాఫలకం ముందు నిలబడితే ఈ తేడా కంటికి కనిపిస్తుంది. హిందీ వరుసలో ఉద్ఘాటన్ అని ఉన్న చోట తెలుగు వరుసలో ప్రారంభమనో ప్రారంభోత్సవమనో ఉంటుంది. అక్కడ ఉద్ఘాటన అని రాస్తే తెలుగు పాఠకుడికి అర్థం మారిపోతుంది. తమిళులు సంస్కృత పదం జోలికి పోకుండా ‘తిఱప్పు విళా’ అంటారు. తెరిచే పండుగ అన్నమాట. భావం మాత్రం అదే తలుపుది.

బెంగాలీ దారి వేరు. అక్కడ ఉద్ఘాటన్ అంటే రహస్యాన్ని, సత్యాన్ని బయటపెట్టడం. ప్రారంభోత్సవానికి వాళ్ల మాట ‘ఉద్బోధన్’. అదే ఉద్బోధ తెలుగులోకి వచ్చేసరికి హితం చెప్పి ప్రేరేపించడం అయింది. హిందీలోనూ ‘రహస్యోద్ఘాటన్’ అనే సమాసం వాడుకలో ఉంది. మొత్తం మీద ఈ పదానికి భారతీయ భాషల్లో మూడు గమ్యాలు కనిపిస్తున్నాయి: భవనం తలుపు తెరవడం, రహస్యం తలుపు తెరవడం, మాట తలుపు తెరవడం. మూడోది తెలుగు ఎంచుకున్నది.

తెలుగు ఎంచుకున్న దారి

ఈ ఎంపిక ఎలా జరిగి ఉంటుంది? అర్థం మెట్టుమెట్టుగా నడిచిందని నా అభిప్రాయం. తెరవడం ముందు, బయటపెట్టడం తర్వాత, అందరి ఎదుట చెప్పడం ఆ తర్వాత, గట్టిగా చెప్పడం చివర. ఒక్కో మెట్టుకూ మధ్య దూరం చాలా తక్కువ. ఆ మెట్లు ఎక్కడానికి కావలసిన తోవ అచ్చ తెలుగులో అప్పటికే ఉంది. మనం నోరు విప్పుతాం, మనసు విప్పుతాం, గుట్టు విప్పుతాం, ముడి విప్పినట్టే విషయాన్ని విప్పి చెబుతాం. ‘విప్పు’ అనే క్రియ చేసే పనే ఉద్ఘాటన చేసింది. దాని పక్కనే ఉద్ఘోష, ఉద్ఘోషణ అనే పదాలు ఉన్నాయి. వాటిలోని ‘ఘుష్’ ధాతువు చాటడం, ఘోషించడం అనే అర్థం ఇస్తుంది. ఒకే రకమైన మొదటి అక్షరం చెవిలో పడుతుండగా తెరవడంలోకి చాటడం కూడా కొంత చేరి ఉండాలి.

ప్రారంభోత్సవాలకు మనకు వేరే పదాలు చాలినన్ని ఉండటం కూడా కలిసి వచ్చింది. భవనానికి ప్రారంభోత్సవం, పునాదికి శంకుస్థాపన, ఇంటికి గృహప్రవేశం, పుస్తకానికీ విగ్రహానికీ ఆవిష్కరణ. ఇవన్నీ తమ తమ చోట్ల స్థిరపడ్డాక ఉద్ఘాటన ఆ పనికి అవసరం లేకపోయింది. అది మాటల ప్రపంచంలోకి వచ్చి స్థిరపడింది. ‘పునరుద్ఘాటన’ ఇందుకు మంచి సాక్ష్యం. తెలుగు పత్రికల్లో రెండు దేశాలు తమ కట్టుబాటును పునరుద్ఘాటిస్తాయి. ఈ సమాసాన్ని హిందీ పాఠకుడు అక్షరాలా తీసుకుంటే మళ్లీ ప్రారంభోత్సవం చేశారని అనుకోవలసి వస్తుంది.

అదే పని చేసే ఇతర మాటలు

మాటకు బలం చేర్చే తెలుగు పదాల్లో ఉద్ఘాటన ఒకటి మాత్రమే. ‘వక్కాణించు’ దానికి దగ్గరి చుట్టం. సంస్కృత వ్యాఖ్యానం ప్రాకృతంలో వక్ఖాణం అయి, తెలుగులో వక్కాణం అయింది. హిందీలో అదే ‘బఖాన్’గా మారి, పొగుడుతూ వర్ణించడమనే అర్థానికి చేరింది. తెలుగులో వక్కాణించడం అంటే మొదట విడమర్చి చెప్పడమే. దానిలో గట్టిదనం స్వతహాగా లేదు. అందుకే ‘నొక్కి వక్కాణించడం’ అని జంటగా వాడతాం. నొక్కడం బలాన్ని ఇస్తుంది, వక్కాణించడం వివరణను ఇస్తుంది. రెండూ కలిస్తేనే మాట నిండుతుంది.

‘ఘంటాపథం’ ప్రయాణం మరింత ఆసక్తికరం. సంస్కృతంలో అది రాచబాట. మెడలో గంటలు మోగుతూ ఏనుగులు నడిచే వెడల్పైన దారి. అమరకోశం దాన్ని దారుల పేర్లలోనే చేర్చింది. భారవి కిరాతార్జునీయానికి మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పేరు కూడా ఘంటాపథమే. కఠినమైన కావ్యంలోకి అందరూ హాయిగా నడవగలిగే రాచబాట వేస్తున్నానని ఆ పేరులోని సూచన. ఆ వ్యాఖ్యాత మనవాడు. కోలాచలం ఆయన ఇంటిపేరు. మెదక్ జిల్లాలోని కొల్చారమే ఆ కోలాచలం. తెలుగు వాడుకలో దారి మరుగున పడింది, గంట మోత మిగిలింది. ‘ఘంటాపథంగా చెబుతున్నాను’ అన్నప్పుడు మనకు వినిపించేది ఆ మోతే. అయినా రాచబాటకు ఉన్న బహిరంగత ఆ మాటలో ఇప్పటికీ ఉంది. సందుల్లో గొణిగేదాన్ని ఎవరూ ఘంటాపథం అనరు.

జనం నోట పుట్టిన పలుకుబళ్లు ఇంకా సూటిగా ఉంటాయి. బల్లగుద్ది చెప్పడం, ఢంకా బజాయించి చెప్పడం, కుండబద్దలు కొట్టినట్టు చెప్పడం, తెగేసి చెప్పడం. మొదటి మూడింటిలో దెబ్బ ఉంది, చప్పుడు ఉంది. నాలుగోదానిలో కోత ఉంది. బజాయించడం హిందుస్తానీ నుంచి వచ్చింది. అక్కడి వాళ్లు కూడా ఢంకా దెబ్బతోనే గట్టిమాట చెబుతారు. వీటి అర్థాలు ఒకటే కావు. బల్ల గుద్దేది నమ్మకం. ఢంకా చాటేది గర్వం. కుండ బద్దలు కొట్టేది దాపరికం లేనితనం. తెగేసేది ఇక బేరం లేదనే నిర్ణయం. నాలుగూ ఒకదాని బదులు ఒకటి వాడేవి కావని పల్లెలో పెరిగినవారికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

యూరప్ భాషలతో పోల్చినా ఈ వైవిధ్యం తెలుస్తుంది. ఇంగ్లీషులో ఇలాంటి గంభీరమైన పదం అసెవరేషన్. లాటిన్‌లో కఠినం, గంభీరం అనే అర్థమున్న ‘సెవెరస్’ దానికి మూలం. ముఖం గంభీరంగా పెట్టి చెప్పడం అందులోని భావం. వాళ్ల అసర్ట్ అనే క్రియకు మూలమైన లాటిన్ మాటను రోమన్ న్యాయస్థానాల్లో వాడేవారు. బానిసగా పట్టుబడిన మనిషి తరఫున ఒకరు నిలబడి, ఇతను స్వతంత్రుడని న్యాయాధికారి ఎదుట వాదించే సందర్భం అది. అక్కడా గట్టి మాటకు విచారణ తోడుగా ఉంది.

ఒట్టు, ప్రమాణం, ప్రతిజ్ఞ

మాటకు బలం సరిపోదనిపించినప్పుడు మనిషి దేవుణ్ని, తల్లిని, తన తలను సాక్షిగా తెచ్చుకున్నాడు. శపథంలో ఉన్నది ‘శప్’ ధాతువు, అంటే శాపం. మాట తప్పితే నాకే కీడు జరగాలని తనను తాను శపించుకోవడం శపథం. ‘అమ్మ ఆన’ అనడంలోని ఆన, సంస్కృత ఆజ్ఞ ప్రాకృతం మీదుగా మారిన రూపం. బాస అంటే భాషే, పలికిన పలుకే. పలికితే చాలు, అది కట్టుబాటు అయిపోతుందని ఆ మాట చెబుతోంది.

వీటన్నిటిలో లోతైనది ప్రమాణం. న్యాయ దర్శనంలో, అంటే తర్కశాస్త్రంలో, ప్రమాణం అంటే సరైన జ్ఞానాన్ని ఇచ్చే సాధనం. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు. హిందీలో ఇప్పటికీ ప్రమాణ్ అంటే రుజువే, ఒట్టుకు వేరే మాటలు ఉన్నాయి. తెలుగులో, కన్నడంలో, తమిళంలో రుజువు పేరే ఒట్టుకు వచ్చింది. ధర్మశాస్త్రాలు చూస్తే కారణం దొరుకుతుంది. యాజ్ఞవల్క్య స్మృతి పత్రాన్ని, అనుభవాన్ని, సాక్షిని మానుష ప్రమాణాలుగా లెక్కించి, అవి లేనప్పుడు దైవ పరీక్షలైన దివ్యాలను ఆశ్రయించమంది. దాని మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. రుజువు దొరకని చోట దేవుడి ఎదుట చెప్పిన మాటే రుజువు స్థానంలో నిలిచింది, ఆ పేరునూ తీసుకుంది. చిత్తూరు జిల్లా కాణిపాకం వినాయకుడి ఎదుట ప్రమాణం చేయమని నేటికీ ఒకరినొకరు సవాలు చేసుకోవడం ఆ నమ్మకానికి కొనసాగింపే.

బ్రిటిష్ కాలపు చట్టం కూడా కొంతకాలం దీన్ని అంగీకరించింది. 1873 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం, ప్రత్యర్థి ఫలానా ఒట్టు వేసి చెబితే తాను కట్టుబడతానని ఒక కక్షిదారు ఒప్పుకుంటే, ఆ ఒట్టుతో చెప్పిన మాట అతని విషయంలో తిరుగులేని సాక్ష్యం అయ్యేది. స్వతంత్ర భారతదేశం 1969లో కొత్త చట్టం తెచ్చినప్పుడు ఆ పద్ధతిని వదిలేసింది. దేవుడి పేరు ఎత్తడం ఇష్టం లేనివారు సత్యనిష్ఠతో చెబుతున్నామని అంటే చాలు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ప్రమాణం చేయించడంలో లోపం జరిగినా సాక్ష్యం చెల్లకుండా పోదని ఆ చట్టంలోని 7వ సెక్షన్ చెబుతుంది. నిజం చెప్పే బాధ్యత సాక్షికి ఎలాగూ ఉందని 8వ సెక్షన్ గుర్తుచేస్తుంది. మాటలోని సత్యం దాని ముందు పలికిన ఒట్టు నుంచి రాదని మన న్యాయవ్యవస్థ గుర్తించిందన్నమాట.

ప్రతిజ్ఞ ఇంకా విలువైన పాఠం నేర్పుతుంది. మనకు ప్రతిజ్ఞ అనగానే బడి గుర్తొస్తుంది. 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా పనిచేస్తూ పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో రాసిన ప్రతిజ్ఞను దేశమంతటా పిల్లలు తమ తమ భాషల్లో చదువుతున్నారు. అక్కడ ప్రతిజ్ఞ అంటే కట్టుబాటు. గౌతముడి న్యాయసూత్రాల్లో మాత్రం ప్రతిజ్ఞ అంటే వాదం మొదట నిలబెట్టే ప్రతిపాదన. కొండ మీద నిప్పు ఉంది అనడం ప్రతిజ్ఞ. వెంటనే హేతువు చెప్పాలి: పొగ ఉంది కాబట్టి. తర్వాత ఉదాహరణ, ఉపనయం, నిగమనం. ఐదు అవయవాలూ పూర్తయితేనే వాదం. వాదంలో ఓడిపోయే సందర్భాలుగా చెప్పిన 22 నిగ్రహస్థానాల్లో మొదటి నాలుగూ ప్రతిజ్ఞకు సంబంధించినవే. ప్రతిజ్ఞను పోగొట్టుకోవడం, దాన్ని మార్చి వేరొకటి చెప్పడం, దానికి విరుద్ధంగా మాట్లాడటం, తప్పని తేలాక నేను అలా అననే లేదని వదిలేయడం. గట్టిగా చెప్పినవాడి మీద ఎంత బరువు పెట్టాలో ఆ తార్కికులకు బాగా తెలుసు.

ఒక్క అక్షరం చేసే పని

ఇన్ని పదాలు లేకపోయినా తెలుగులో గట్టిగా చెప్పవచ్చు. ‘ఏ’ అనే ఒక్క అచ్చు చాలు. వ్యాకర్తలు దీన్ని అవధారణార్థకం అన్నారు. సంస్కృతంలో ‘ఏవ’ చేసే పని ఇది చేస్తుంది. 7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ‘ఏవ’ వాక్యంలో ఎక్కడ నిలబడితే ఏమవుతుందో మూడు విధాలుగా విడమర్చాడు. ఆయన ఉదాహరణలు తెలుగులో చెప్పుకుంటే మన ‘ఏ’ కూడా అచ్చంగా అలాగే నడుస్తుందని తెలుస్తుంది. ‘అర్జునుడే విలుకాడు’ అంటే అంతటి విలుకాడు మరొకడు లేడని. ‘చైత్రుడు విలుకాడే’ అంటే అతనికి విలువిద్య రాదన్న అనుమానం తప్పని. ‘నీలి తామరలు ఉండనే ఉన్నాయి’ అంటే అలాంటివి అసలు ఉండవనడం తప్పని.

దీనిలోంచి వచ్చే సూత్రం మన ప్రశ్నకు కీలకం. నొక్కి చెప్పిన ప్రతి మాటా ఒక కాదనడాన్ని కొట్టివేస్తుంది. ఎవరూ కాదనని విషయాన్ని నొక్కి చెప్పవలసిన పని లేదు. ‘సూర్యుడు తూర్పునే ఉదయిస్తాడు’ అని ఉద్ఘాటిస్తే వినేవాడు, పడమర అన్నది ఎవరని అడుగుతాడు. కాబట్టి ఉద్ఘాటన ఎదురైనప్పుడు వేయవలసిన మొదటి ప్రశ్న, ఏ సందేహాన్ని తోసిపుచ్చుతున్నారు అని. రెండోది, దేని ఆధారంతో అని.

వార్తలో ఏ క్రియ వాడాలి

ఈ రెండు ప్రశ్నలతో పత్రికా భాషను చూస్తే ఏం చేయాలో తెలుస్తుంది. వార్త రాసేవారు ఒకే క్రియ పదేపదే రాకూడదని అన్నారు, తెలిపారు, పేర్కొన్నారు, వెల్లడించారు, స్పష్టం చేశారు, ఉద్ఘాటించారు అంటూ మార్చి మార్చి వాడుతున్నారు. ఇవి పర్యాయపదాలు కావు. వెల్లడించారంటే అప్పటిదాకా తెలియనిది ఉండాలి. స్పష్టం చేశారంటే అంతకుముందు గందరగోళం ఉండాలి. పునరుద్ఘాటించారంటే అదే మాట ఇంతకుముందు చెప్పి ఉండాలి. ఉద్ఘాటించారంటే ఎవరో కాదన్నదై ఉండాలి, ఆ కాదనడానికి జవాబు తెరిచి చూపి ఉండాలి. జవాబు లేకుండా గొంతు మాత్రమే పెరిగితే ‘గట్టిగా అన్నారు’ అని రాస్తే సరిపోతుంది. అది నిజమైన వార్త అవుతుంది. ‘ఉద్ఘాటించారు’ అని రాస్తే, మాట్లాడినవారు చూపని ఆధారం చూపినట్టు విలేకరి తన తరఫున హామీ ఇచ్చినట్టే. తెలియకుండానే వార్త పక్షం తీసుకుంటుంది.

బడి పిల్లలకు పర్యాయపదాల పట్టిక బట్టీ పట్టించే పద్ధతి కూడా ఇందుకు కొంత కారణం. చెప్పు, పలుకు, వచించు, వక్కాణించు, ఉద్ఘాటించు అని ఒకే వరుసలో నేర్పితే వాటి మధ్య తేడా ఎప్పటికీ తెలియదు. ఒక్కో క్రియకు ఒక్కో సందర్భం ఇచ్చి, ఇక్కడ ఏది తగును, ఎందుకు తగును అని అడిగితే పదో తరగతి విద్యార్థి సులభంగా పట్టుకోగలడు. దానికి కొత్త పాఠ్యపుస్తకం అవసరం లేదు. ఆనాటి దినపత్రిక మొదటి పుట చాలు. ప్రతి వార్తలోని క్రియ కింద గీత గీసి, దాని వెనక ఆధారం ఉందా అని వెతికించవచ్చు. భాష నేర్చుకుంటూనే పిల్లలు వార్తను పరీక్షించడమూ నేర్చుకుంటారు.

ప్రారంభోత్సవాల అర్థాన్ని పొరుగువారికి వదిలి, తెలుగు ఈ పదానికి మాటల లోకంలో చోటిచ్చింది. అది గొప్ప ఎంపిక. మూసిన తలుపు తీయడానికీ అడుగున ఉన్న నీరు తోడటానికీ పుట్టిన మాటను సత్యం చెప్పే పనికి పెట్టుకున్న భాష మనది. ఆ మాట వాడే ప్రతి నాయకుడూ, ప్రతి విలేకరీ, ప్రతి ఉపాధ్యాయుడూ ప్రతిజ్ఞ వెంట హేతువును కూడా మనముందు పెట్టాలని అడిగే హక్కు తెలుగు పాఠకుడికి ఉంది. ఆ హక్కును వాడుకోవడం మొదలుపెడితే ఉద్ఘాటన తన అర్థాన్ని తిరిగి పొందుతుంది.